బిళ్ల వెనక గీత

“అక్కా! నాన్న కళ్ళు తెరిచాడు!”

ఫోను స్పీకరులో ఉంది. తప్పు డిటెక్టివ్‌దే. ఎడం చేతిలో టీ గ్లాసు, కుడి చేతిలో నోట్‌బుక్కు ఉండేసరికి ఫోను ల్యాబు బల్ల మీద పెట్టి చిటికెనవేలితో నొక్కింది. దాంతో తన ఒక్కదాని చెవిలో పడాల్సిన శుభవార్త గదిలో ఉన్న మిగతా ఇద్దరికీ కూడా పంచిపెట్టినట్టయింది.

గోడ గడియారంలో తొమ్మిదీ నలభై.

“ఏదీ, మళ్ళీ చెప్పు!” అంది డిటెక్టివ్. వినపడక కాదు. కొన్ని మాటలు రెండోసారి వింటే ఇంకా తియ్యగా ఉంటాయి.

“తెరిచాడక్కా! నన్ను గుర్తుపట్టాడు. కంట్లోంచి నీళ్ళు కారాయి. మాట మాత్రం రావట్లేదు.”

టీ ఒలికి ముంజేతి మీద చురుక్కుమన్నా డిటెక్టివ్ నవ్వుతూనే ఉంది. ఆమెకు పెళ్ళై ఇరవై రెండు రోజులు. ఈ మధ్య ప్రతి చిన్న సంతోషానికీ ఆమె లోపల ఎవరో గంతులేస్తున్నారు. అయినా వృత్తి వృత్తే. నవ్వే కళ్ళతోనే ఎదుటివాళ్ళ మొహాలు చూసింది.

ఇన్‌స్పెక్టర్ మీసం ఒకవైపు లేచింది. “ఎవరు కొట్టారో సైగ చేశాడా?” అన్నాడు.

బట్టీ సూపర్‌వైజర్ రెండు చేతులూ జోడించి పైకి చూశాడు. “బతికించావు తండ్రీ!” తర్వాత చూపు దించి మెల్లిగా అడిగాడు. “మాట రావట్లేదంటే... ఇక రాదా, ఇప్పటికి రావట్లేదా?”

ఆ ప్రశ్న అన్నంలో రాయిలా తగిలింది డిటెక్టివ్‌కి. ఉమ్మెయ్యకుండా ప్రస్తుతానికి బుగ్గన పెట్టుకుంది.

“ఒక్క పనే చేస్తున్నాడక్కా,” అంటోంది ఫోనులో గొంతు. “దుప్పటి మీద గోరుతో సున్నా గీస్తున్నాడు. గీసిందే గీస్తున్నాడు. బావ పక్కనే కూర్చుని ఆ చెయ్యి బొమ్మ వేస్తున్నాడు.”

బావ అంటే డిటెక్టివ్ భర్త. స్కూల్లో డ్రాయింగు మాస్టారు. సెలవు పెట్టి మరీ భార్య కేసులో ఆసుపత్రి డ్యూటీ పుచ్చుకున్నాడు. “ఆ చెయ్యి మీంచి చూపు తిప్పొద్దని చెప్పు మీ బావకి,” అని డిటెక్టివ్ ఫోను పెట్టేసింది.

ఫోనులో మాట్లాడిన పిల్ల కష్టం పగవాళ్ళకి కూడా రాకూడదు. తండ్రి ఆసుపత్రిలో ఉన్నాడు, మొగుడు లాకప్పులో ఉన్నాడు. తండ్రిని కొట్టింది మొగుడేనని పోలీసులంటున్నారు. ఏ కన్ను ఎవరి కోసం ఏడవాలో తెలియక, నిజం తేల్చమని డిటెక్టివ్‌ని పిలిచింది.

తండ్రి ఈ టైల్సు ఫ్యాక్టరీ ల్యాబుకి పెద్ద. ఏ మట్టినైనా చిటికెడు నాలుక మీద వేసుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తాడని అందరూ ఆయన్ని మట్టి మాస్టారు అంటారు. అల్లుడు పక్కూరి రాళ్ళకోత యార్డులో మేస్త్రీ. గ్రానైటు బండలు కోసేటప్పుడు రంపం కింద నీళ్ళతో పాటు మెత్తటి రాతిపొడి బురదలా కారుతుంది. ఇన్నాళ్ళూ దాన్ని రోడ్డు పక్కనా గుంటల్లోనూ పారబోసేవారు. ఎండితే గాలికి లేచి ఇళ్ళల్లో పళ్ళేల మీద కూర్చునేది. మట్టి మాస్టారు నాలుగేళ్ళు తంటాలు పడి, టైలు మట్టిలో కలిపే తెల్లరాయి బదులు ఈ రాతిపొడి కలపొచ్చని తేల్చాడు. మంటలో కరిగి మట్టిని పట్టి ఉంచడం తెల్లరాయి పని. అదే పని ఈ చెత్త ఊరికే చేసిపెడుతుంది. అల్లుడు బురదని నొక్కించి, గడ్డలు చేసి, ఆరబెట్టి లారీల్లో పంపిస్తాడు. నలభై లారీలదాకా మామా అల్లుళ్ళ కాపురం సజావుగానే సాగింది.

మంగళవారం నలభై ఒకటో లారీ వచ్చింది. సాయంత్రం నాలుగింటికి మాస్టారు దాన్ని దించనివ్వలేదు. సరుకు చెడిపోయిందన్నాడు. గేటు దగ్గర ఇద్దరూ అరుచుకున్నారు. “మామ అని కూడా చూడను!” అని అల్లుడు కేక వేయడం షిఫ్టు మొత్తం విన్నది. ఆరున్నరకి వెనక బురద యార్డులో, విరిగిపడ్డ గడ్డల కింద మాస్టారు తల పగిలి కనిపించాడు. ఏడున్నరకి పోలీసులు యార్డుకీ ల్యాబుకీ సీలు వేశారు. శుక్రవారమైన ఇవాళ పొద్దున్న, యజమాని బతిమాలితే, ల్యాబు సీలు తీశారు.

“ఇదిగో మీ శుభవార్త అయిపోయింది. ఇక నా కేసు వినండి భూతద్దం గారూ,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆమెకు ఆ పేరు పెట్టింది ఆయనే. “రేపు సాయంత్రం నాలుగింటికి అల్లుణ్ణి కోర్టులో నిలబెడుతున్నాను. గొడవకి సాక్షులున్నారు. బూట్ల నిండా బురద ఉంది. అయిదు నుంచి ఏడు దాకా ఒంటరిగా ఉన్నానంటాడు, చూసినవాడు లేడు. ఇంకేం కావాలి? కొత్తగా పెళ్ళయింది, హాయిగా ఇంట్లో ఉండక మీకీ తిరుగుళ్ళెందుకు?”

“ఇంట్లో మా ఆయన ఉంటారండి. వంట ఆయనకే బాగా వచ్చు,” అంది డిటెక్టివ్. “రాళ్ళకోత మేస్త్రీ బూట్లకి రాతిబురద కాక అత్తరు ఉంటుందా?”

సూపర్‌వైజర్ కిసుక్కున నవ్వి, ఇన్‌స్పెక్టర్ చూపు తగిలి దగ్గుగా మార్చుకున్నాడు.

ల్యాబు ఎదురుగోడ మీద పెద్ద చెక్కపలక ఉంది. దాని నిండా వరసలుగా బిళ్లలు. లారీ వచ్చిన ప్రతిసారీ అందులోంచి పిడికెడు తీసి, బిస్కెట్టంత గుండ్రటి బిళ్ల నొక్కి, చిన్న ఫర్నేసులో కాల్చి, తేదీ రాసి పలకకి అంటించడం మాస్టారి అలవాటు. నలభై బిళ్లలు చదునుగా, గోధుమరంగులో, సన్నటి మెరుపుతో ఉన్నాయి. మంగళవారం తేదీతో ఉన్న నలభై ఒకటోది మాత్రం అదే గోధుమరంగులో బొబ్బలా పొంగి, ఒళ్ళంతా చిల్లులతో వికారంగా ఉంది.

“అదే గొడవకి మూలం,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “చెడ్డ సరుకు పంపాడు, దొరికిపోయాడు, కోపమొచ్చి కొట్టాడు.”

“రాతిపొడి బుద్ధే అంతమ్మా,” అన్నాడు సూపర్‌వైజర్, పలక వైపు జాలిగా చూసి. “కుక్క తోక లాంటిది. నేను మొదటి నుంచీ చెప్తూనే ఉన్నాను.”

“నలభైసార్లు బుద్ధిగా ఉండి నలభై ఒకటోసారి వంకర పోయిందా?”

“మంట ముందు ఎవరి బుద్ధైనా బయటపడుతుందమ్మా.”

మనిషి మర్యాదస్తుడే. యాభై ఏళ్ళుంటాయి. కనుబొమ్మలు వేడికి మాడి పలచబడ్డాయి. డిటెక్టివ్ అతన్ని బల్ల ముందు కూర్చోబెట్టి నోట్‌బుక్కు తెరిచింది.

“మంగళవారం అయిదు నుంచి ఆరున్నర దాకా ఎక్కడున్నారు?”

“పెద్ద బట్టీ దగ్గర. ఆ రోజు మంట సరిగ్గా లేక షిఫ్టు అయ్యాక కూడా ఉండిపోయాను. ఏడింటి దాకా కదల్లేదు.”

“పక్కన ఎవరున్నారు?”

“బట్టీ వంద మీటర్ల పొడుగమ్మా. ఎవడి మూల వాడిది.”

“బురద యార్డుకి వెళ్ళారా?”

“నేనా? నెల దాటింది అటు అడుగుపెట్టి. మట్టి ఆయనది, మంట నాది. ఎవరి కాపురం వాళ్ళది.”

“పోనీ, యార్డు పక్కన టైల్సు సానపట్టే పాలిష్ లైను వైపు?”

“అక్కడ నాకేం పని?”

“తెల్లరాయి లారీలు ఎవరివి?”

పలచటి కనుబొమ్మలు ఒక్క క్షణం కదిలాయి. “మా బావమరిదివి. దాచేదేముంది, లారీ మీద పేరే ఉంటుంది.”

“రాతిపొడి నెగ్గితే ఆ లారీలు ఆగిపోతాయి కదా.”

“ఆగితే ఇంకో ఫ్యాక్టరీకి వెళ్తాయి. లారీకి చక్రాలుంటాయమ్మా.” నవ్వుతూ లేచాడు. మూలనున్న చిన్న ఫర్నేసు వైపు తల ఊపాడు. “అది మూడు రోజులై మూసి ఉంది. మీకెందుకు శ్రమ, నేను తెరిచి శుభ్రం చేసి ఇస్తాను.”

“ఉండనివ్వండి. దాన్ని తెరవడం పెద్ద విద్యా ఏమిటి?”

“అలా అనకండి!” అన్నాడతను. మొదటిసారి గొంతులో నిజమైన ఉద్రేకం పలికింది. “ఈ డబ్బా తెర మీద వేడి రెండు వందల డిగ్రీలకి దిగేదాకా తలుపు ముట్టకూడదు. వేడి మీద తీస్తే చల్లగాలి తగిలి లోపలి గోడ పెళ్ళుమంటుంది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో వేడి మీద నేనొక్కసారి తలుపు తీసిన పాపాన పోలేదు. తీసిన కుర్రాళ్ళ చెవులు మెలేశాను.”

“ఇక వెళ్ళు, నీ బట్టీ చూసుకో,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ విసుగ్గా. సూపర్‌వైజర్ గుమ్మం దాకా వెళ్ళి ఒక్కసారి వెనక్కి చూశాడు. చూసింది మనుషుల్ని కాదు, ఫర్నేసుని.

అల్లుణ్ణి జీపులోనే ఉంచారు. యార్డులో ఎలా కొట్టాడో చూపించమని తీసుకొచ్చారట. బేడీల చేతులు ఒళ్ళో పెట్టుకుని, బూట్లు పోలీసుల దగ్గరే ఉండిపోవడంతో ఉత్తికాళ్ళతో కూర్చున్నాడు.

“మీ మామగారు కళ్ళు తెరిచారు,” అంది డిటెక్టివ్.

అతను మొహం బేడీల మధ్య దాచుకున్నాడు. వెక్కిళ్ళు తగ్గేదాకా ఆమె అటు తిరిగి నిలబడింది.

“అన్నాను మేడమ్, మామ అని చూడనన్నాను,” అన్నాడు చివరికి. “నోరు జారింది. నా సరుకుని చెత్త అన్నాడు. చెత్తే, కాదనను. కానీ నా చెత్త శుభ్రమైన చెత్త. ‘అయితే ఈ లారీలోదే తీసి కాల్చి చూడు మామయ్యా’ అన్నాను.”

“తీశారా?”

“తీశాడు. పిడికెడు రుమాల్లో కట్టుకున్నాడు. నేను లారీ వెనక్కి తిప్పుకుని వచ్చేశాను.”

గేటు రిజిస్టరులో లారీ బయటికి వెళ్ళిన టైము నాలుగూ ముప్పై అయిదు. డిటెక్టివ్ పెన్సిలు ఆగిపోయింది. లారీలోంచి మాస్టారు పిడికెడు తీసింది గొడవ తర్వాతైతే, గొడవకి ముందే పలకెక్కిన పొంగిన బిళ్ల ఎక్కడిది?

ఆ ప్రశ్నతో కాలు నిలవక, అల్లుడి కోసం పోలీసులు సీలు తీసి ఉంచిన యార్డులోకి నడిచింది. గడ్డల కుప్ప నడుమెత్తు ఉంది. మాస్టారు పడ్డచోట తాడు కట్టారు. కుప్ప వెనక తోపుడుబండి చక్రం జాడ గోడవారగా వెళ్ళి, పాలిష్ లైను షెడ్డు దగ్గర ఆగింది. ఆమె కుప్పలోంచి చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపింది. మెత్తటి పొడిలో సన్నగా, గరుగ్గా, నల్లగా ఏదో తగిలింది.

ఫోను మోగింది.

“ఏమండీ,” అన్నాడు భర్త.

“చెప్పండి,” అందామె. ఇరవై రెండు రోజులైనా ఒకళ్ళనొకళ్ళు ఏమని పిలుచుకోవాలో ఇద్దరికీ తేలలేదు. ఇద్దరూ ఏమండీలే. ఆ పిలుపు వినగానే యార్డు మధ్యలో కూడా ఆమెకు నవ్వొచ్చింది.

“నేను పదకొండు బొమ్మలు వేశాను. అందరూ సున్నా అంటున్నారు గానీ అది సగమేనండీ. గీశాక ప్రతిసారీ అరచెయ్యి తిప్పుతున్నాడు. వెల్లకిలా. ఇలా, దోసె తి...” అని ఆగాడు. “అదే, పుస్తకంలో పేజీ తిప్పినట్టు.”

గుండ్రంగా గీసి, తిప్పడం.

“మీకు ముద్దు బాకీ,” అని ఫోను పెట్టేసి డిటెక్టివ్ పరుగెత్తింది. అటు నుంచి ఏం సమాధానం వచ్చేదో వినలేదు.

ల్యాబులో ఇన్‌స్పెక్టర్ ఆవలిస్తున్నాడు. ఆమె చాకు తీసి పొంగిన బిళ్లని పలక మీంచి ఊడదీసింది.

“సాక్ష్యం! సాక్ష్యం పాడుచేస్తున్నారు!”

“ఇందాకటి నుంచీ దీని మొహమే చూశాం. వీపు చూడండి.”

బిళ్ల వెనక, పచ్చిమీద గోరుతో గీసి కాల్చిన అక్షరాలు ఉన్నాయి. “కుప్ప. 8.30.”

“అంటే?”

“ఇది లారీలోది కాదు. పొద్దున్న ఎనిమిదిన్నరకి వెనక యార్డు కుప్పలోంచి తీసింది. కుప్ప చెడింది గనక పంపినవాడి సరుకే చెడిందనుకుని మాస్టారు గొడవపడ్డాడు. ఆ తర్వాత అల్లుడి మాట మీద లారీలోంచి పిడికెడు తీసి...” ఆమె ఫర్నేసు వైపు తిరిగింది.

అప్పుడు కనిపించింది. మందపాటి చేతి తొడుగులు, పొడుగాటి పట్టకారు ఫర్నేసు ముందు బల్ల మీద ఉన్నాయి. గోడకి వాటి కొక్కేలు ఖాళీ. తలుపు మాత్రం గట్టిగా బిగించి ఉంది. మీట నొక్కితే బుల్లి తెర మీద చివరి కాల్పు వివరం వెలిగింది. మంగళవారం, మొదలు 4.50, ముగింపు 5.45.

తలుపు లాగింది. చల్లటి గూట్లో ఒంటరిగా ఒక బిళ్ల. చదునుగా, గోధుమరంగులో, మూడు రోజులుగా ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు మెరుస్తోంది. వెనక్కి తిప్పింది. “లారీ. 4.20.”

“లారీ బంగారం,” అంది ఊపిరి పీల్చుకుని. “చెడింది ఇక్కడికి వచ్చాకే.”

ఇన్‌స్పెక్టర్ ఆ బిళ్లని అటూ ఇటూ తిప్పి చూశాడు. మీసం కాస్త వాలింది గానీ మనిషి లొంగలేదు. “సరుకు మంచిదైతే మంచిది. చెత్త అన్నందుకు కోపం ఇంకా ఎక్కువ వస్తుంది. బూట్ల బురద మాటేమిటి?”

“కాల్చి చూద్దాం.”

“ఏమిటీ, బూట్లనా?”

“బురదని. అల్లుడి బూట్ల బురద ఒక బిళ్ల, మాస్టారు పడ్డచోటి బురద ఒక బిళ్ల. రెండూ ఒకటే అయితే మీ కాళ్ళకి దణ్ణం పెట్టి ఇంటికి పోతాను.”

పందెం అనేసరికి ఇన్‌స్పెక్టర్‌కి హుషారొచ్చి, స్టేషన్ నుంచి బూట్లు తెప్పించాడు. కాల్చే పద్ధతి తండ్రి పక్కన పెరిగిన కూతురు ఫోనులో చెప్పింది. “ఆరబెట్టాలక్కా... చుక్క నీళ్ళు చాలు... ఇప్పుడు ప్రెస్సు పిడి కిందికి నొక్కాలి, బలంగా.” పిడి ఇన్‌స్పెక్టరే నొక్కాడు. ఒకటి విరిగిపోతే చిన్నపిల్లాడిలా నొచ్చుకుని మళ్ళీ నొక్కాడు. డిటెక్టివ్ పచ్చి బిళ్లల వెనక గోరుతో “బూటు” అనీ “కుప్ప” అనీ గీసింది. నిన్ననే పూసిన గోరు రంగు పెచ్చులూడింది.

పదకొండుంబావుకి ఫర్నేసు మొదలైంది. పన్నెండూ పదికి ఆగింది. ఇక చల్లారాలి. తెర మీద ఎర్రటి అంకె తొమ్మిది వందల ఎనభై.

ఆ మధ్యాహ్నం డిటెక్టివ్ కూర్చోలేదు. కిటికీ నుంచి తలుపుకి, తలుపు నుంచి ఫర్నేసుకి, అక్కణ్ణుంచి కిటికీకి తిరిగింది. ఏడు వందల నలభై. భర్త ఆసుపత్రి నుంచి బొమ్మ పంపాడు. మంచం మీద మాస్టారు, పక్కన పెద్ద ముక్కుతో తను. నవ్వింది. వెంటనే గడియారం చూసింది. అయిదు వందల ఇరవై. పెట్టిన బిళ్లలు తారుమారయ్యాయేమో అనుకుంది. మూడు వందల తొంభై. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి విసురుకుంటున్నాడు.

“తీసేద్దామా?” అన్నాడు మూడుసార్లు. “ఎంతసేపు? తొడుగులున్నాయి, పట్టకారుంది, లాగితే వస్తుంది!”

డిటెక్టివ్ నడక ఆగిపోయింది.

“మళ్ళీ అనండి.”

“తొడుగులున్నాయి, పట్టకారుంది...”

ఆమె పలక దగ్గరికి వెళ్ళి కింది మూల వరకు ఒక్కొక్క బిళ్లా చూసుకుంటూ పోయింది. మూలన, దుమ్ముపట్టి, పాత బిళ్ల ఒకటుంది. పాల నురగలా తెల్లగా, మామూలుకి రెండింతలు పొంగి ఉంది. కింద మాస్టారి రాత. “పాలిష్ బురద. వద్దు.” టైల్సుని సానపట్టే రాళ్ళ నుంచి రాలే నల్లటి గరుకు దానిలో ఉంటుందని, అది మంటలో గాలి ఊది పొంగిస్తుందని అడుగున చిన్నక్షరాల్లో రాసి ఉంది.

అయిదూ పదికి తెర మీద నూట తొంభై ఎనిమిది కనిపించింది.

తలుపు తీశారు. “బూటు” బిళ్ల చదునుగా, గోధుమరంగులో మెరిసింది. “కుప్ప” బిళ్ల అదే గోధుమరంగులో, బొబ్బలా పొంగి చిల్లులు పడింది.

ఇన్‌స్పెక్టర్ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఆయన చేత్తో నొక్కిన బిళ్లలు. 

“అల్లుడు ఆ కుప్ప తొక్కలేదు,” అన్నాడు చివరికి. “మరి ఎవరు?”

“రంగు రాతిపొడిది. పొంగు పాలిష్ బురదది. రెండూ కలిసిన మట్టి ఆ కుప్పలో తప్ప ఇంకెక్కడా లేదు. తోపుడుబండితో తెచ్చి కలిపాడొకడు. రాతిపొడి పనికిరాదని తేలాలి అతనికి. సాయంత్రం లారీ బిళ్ల ఫర్నేసులో పెట్టి, అది కాలేలోగా కుప్పని ఇంకోసారి చూద్దామని మాస్టారు యార్డుకి వెళ్ళాడు. వాణ్ణి పనిలో ఉండగా చూశాడు. దెబ్బ పడింది.”

“వాడెవడని అడుగుతున్నాను.”

“కొట్టినవాడు ఈ గదికి వచ్చాడు. ఫర్నేసు వెలుగుతోంది. లోపలున్న బిళ్ల మంచిదని తేలితే, చెడింది ఫ్యాక్టరీ లోపలేనని అందరికీ తెలుస్తుంది. దాన్ని తీసెయ్యాలి. తొడుగులు తీశాడు. పట్టకారు తీశాడు. అక్కడ ఆగిపోయాడు. ఇప్పుడు చెప్పండి, మీరైతే ఏం చేసేవారు?”

“లాగిపారేసేవాణ్ణి!”

“నేనూ అంతే. ప్రాణం మీదికి వస్తే ఫర్నేసు పగిలితే ఎవడిక్కావాలి? కానీ వేడి మీద తలుపు తీయడం అంటే చెయ్యి రాని మనిషి ఈ ఫ్యాక్టరీలో ఒక్కడే ఉన్నాడు. మనిషి తల పగలగొట్టగలిగాడు గానీ ఫర్నేసు గోడ పగలగొట్టలేకపోయాడు. చల్లారాక వద్దామనుకున్నాడు. ఆరున్నరకి గోల పుట్టింది, ఏడున్నరకి మీరు సీలు వేశారు. అందుకే పొద్దున్న తెరిచి శుభ్రం చేసి ఇస్తానన్నాడు.”

ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకున్నాడు. “పదండి. బట్టీ దగ్గర పట్టుకుందాం.”

“షిఫ్టు నాలుగింటికే అయిపోయింది,” అంటుండగానే ఫోను మోగింది.

“ఏమండీ,” అన్నాడు భర్త. గొంతు సంతోషంగా ఉంది. “ఇక్కడికి మాస్టారి స్నేహితుడొకాయన పళ్ళు పట్టుకుని వచ్చాడు. బట్టీ సూపర్‌వైజరట. పాపం, చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఈ రాత్రి మాస్టారికి తోడు తనుంటాడట. మమ్మల్నిద్దర్నీ ఇంటికెళ్ళి పడుకోమంటున్నాడు.”

డిటెక్టివ్‌కి పొద్దున్న స్పీకరు నొక్కిన చిటికెనవేలిని నరుక్కోవాలనిపించింది.

“నవ్వుతూ వినండి,” అంది. “మాస్టారికీ ఆయనకీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చోండి. ఎవరేమన్నా లేవొద్దు. ఇన్‌స్పెక్టర్ గారి మనిషి పది నిమిషాల్లో వస్తాడు. నవ్వుతున్నారా?”

“ఆఁ... నవ్వుతున్నాను,” అన్నాడు భర్త.

“ఫోను ఆయనకివ్వండి.”

పక్కన ఇన్‌స్పెక్టర్ అప్పటికే తన ఫోనులో కానిస్టేబుల్‌ని తరుముతున్నాడు.

“అమ్మా, చెప్పండి,” అంది సూపర్‌వైజర్ గొంతు.

“మీ సాయం కావాలండీ. ఈ ఫర్నేసు తెరవడానికే మాకు ధైర్యం చాల్లేదు.” గొంతు తేలిగ్గా ఉంచడానికి ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. “మాలో ఎవరికీ బిళ్ల కాల్చడం రాదు. యజమానిగారు మిమ్మల్నే పిలవమన్నారు. మంట మీది కదా. రేపు ఎనిమిదింటికి రాగలరా?”

 అటు ఆసుపత్రి గదిలో ఎవరో కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది. నా మొగుడే, అనుకుంది. నా మొగుడే అయ్యుండాలి.

“తెరవలేదా?” ఆ గొంతులో బరువు దిగినట్టు ఊపిరి. “మంచి పని చేశారు. అలాగేనమ్మా, తప్పకుండా వస్తాను. అయితే ఇవాళ త్వరగా పడుకోవాలి. తోడు వీళ్ళే ఉంటారులెండి.”

ఫోను పెట్టేశాక డిటెక్టివ్ బల్ల మీదే కూర్చుంది. పావుగంటకి భర్త నుంచి బొమ్మ వచ్చింది. మంచం పక్కన లావుపాటి కానిస్టేబుల్, తలుపు బయటికి వెళ్ళిపోతున్న పళ్ళ సంచీ. ఆమె దాన్ని రెండుసార్లు చూసి, కళ్ళు తుడుచుకుని, గేటు దగ్గరికి దారి తీసింది.

గేటు పక్క అరలో ఫ్యాక్టరీ బూట్లు వరసగా ఉన్నాయి. నంబర్లు వేసినవి. ఇళ్ళకి ఎవరూ తీసుకెళ్ళరు. ఏడో నంబరు బట్టీ సూపర్‌వైజర్‌ది. అడుగు గాడుల్లో బూడిదరంగు బురద గట్టిపడి ఉంది. ఇన్‌స్పెక్టర్ మారుమాట లేకుండా అరకి తాళం వేసి, మైనం కరిగించి సీలు వేశాడు.

“ఈ బురద ఇప్పుడే కాల్చేస్తే తేలిపోదా?” అన్నాడు.

“మనం కాలిస్తే కోర్టులో ఆయనే నిపుణుడిగా నిలబడి ‘వీళ్ళకి కాల్చడం రాదు’ అంటాడు. నిజమే కదా, ఒకటి మీరు విరగ్గొట్టారు కూడా.”

“అది వేరే సంగతి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. తర్వాత గొంతు తగ్గించి, “కోర్టుకి నాలుగింటి దాకానే టైము. అల్లుడి విషయంలో తప్పు చేశానని తేలితే ఆ మాట నేనే చెప్తాను. తేలకపోతే...”

“తేలుతుంది. రేపు ఎనిమిదింటికి యజమాని ముందు ఈ సీలు మీరే విప్పండి. ఏడో నంబరు బూట్లోంచి బురద ఆయన చేతే తీయిద్దాం. ఆయనే నొక్కి, వెనక ఆయన గోరుతోనే ఏడు అని గీసి, లోపల పెట్టి తలుపు మూస్తాడు. పదింటికి మంట ఆగుతుంది. చల్లారడానికి అయిదు గంటలు. మూడింటికి బిళ్ల మన చేతిలో ఉంటుంది. అది పొంగితే, నెలగా యార్డు తొక్కలేదన్న మాట అబద్ధమని తేలిపోతుంది. అందాకా అందరం ఆ బల్ల చుట్టూ కూర్చుంటాం. టీ నేను తెస్తాను.”

“బూట్లు చూడగానే సంగతి అర్థమైపోతుంది. మధ్యలో లేచి, తలుపు లాగి, బిళ్ల పగలగొట్టేస్తే?”

డిటెక్టివ్ పెచ్చులూడిన గోటిని చూసుకుంది.

“అయిదు గంటలూ దాని ఎదురుగా కూర్చుని చెమటలు కక్కుతాడండి,” అంది. “తలుపు మాత్రం తీయడు.”